శరణార్థికి వ్యాజ్య సహాయము

వీరశైవ లింగాయతుల యిండ్లలోను మఠములలోను ఒకరినొకరు పలుకరించుకొనునపుడు “శరణు శరణార్థి” అనుట వాడుక. పెద్దవారు పిన్నవారికిని, పిన్నవారు పెద్దవారికిని ఈ మాటయే చెప్పుదురు. వార్తాపత్రికలలో ఇదే మాట వేరొక అర్థమున కనబడుచున్నది. ప్రాణభయముచేత స్వదేశమును విడిచి, పరదేశపు సరిహద్దు దాటి, తన్ను తిప్పి పంపవలదని వేడుకొనువాడు శరణార్థి. మొదటి అర్థము నిత్యము నోట నున్నది. రెండవ అర్థము గలవాడు ఎదుట నిలిచినపుడు అతనికేమి యవసరము, దానిని ఏ విధముగా ఈయవలెను అనునది ఈ పాఠమునందలి విషయము.

అన్నము, బట్ట, తల దాచుకొను చోటు అను మూడు అవసరములు అందరికిని తెలిసినవే. ఆకలి కంటికి కనబడును గనుక ఈయవలెనన్న బుద్ధి వెంటనే పుట్టును. నాలుగవ అవసరము అట్లు కనబడదు. అతని పక్షమున మాటలాడు న్యాయవాదికి, అతని పత్రములను అనువదించు వానికి, ప్రభుత్వ కార్యాలయమునకు చెల్లింపవలసిన ధనమే ఆ నాలుగవది. మూడింటిని ఇచ్చి నాలుగవదానిని మరచినచో, అన్నము తిన్న ఆ మనుష్యుడే కొన్నాళ్లకు విమాన మెక్కింపబడి, ఎవరి చేతులనుండి తప్పించుకొని వచ్చెనో వారికే అప్పగింపబడవచ్చును.

శరణ సంప్రదాయమునకు ఈ కష్టము క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో కలత చెలరేగిన పిమ్మట శరణులు చెల్లాచెదరైరనియు, చెన్నబసవణ్ణ కొందరితో కూడి ఉళవికి చేరెననియు, వారు వచనముల తాళపత్రములను వెంట గొనిపోయిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. దారిలో తలుపు తెరచిన వారుండుటచేతనే ఆ వెళ్లినవారు నిలిచిరి. నేటి కాలమున తలుపు న్యాయస్థానములో నున్నది. దానిని తెరచుటకు పత్రములును, గడువులును, వాదనయు కావలెను.

శరణార్థి యెవరు?

1948లో ఐక్యరాజ్య సమితి ప్రకటించిన విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనలోని 14వ అధికరణము, పీడనమునుండి తప్పించుకొనుటకు ఇతర దేశములలో ఆశ్రయము కోరు హక్కును చెప్పినది. 1951లో జెనీవాలో కుదిరిన శరణార్థుల ఒడంబడిక శరణార్థి యెవరో నిర్వచించినది. జాతి, మతము, జాతీయత, ఒకానొక సామాజిక వర్గమునకు చెంది యుండుట, రాజకీయాభిప్రాయము అను ఐదింటిలో దేని మూలముననైనను పీడింపబడుదునని సకారణముగా భయపడి, తన దేశమునకు వెలుపల నున్నవాడు శరణార్థి. అట్టివానిని ప్రాణమునకో స్వేచ్ఛకో అపాయము గల చోటికి తిప్పి పంపరాదని ఆ ఒడంబడికలోని 33వ అధికరణము శాసించుచున్నది. మొదట 1951 జనవరి 1వ తేదీకి ముందు జరిగిన సంఘటనలకే పరిమితమైన ఈ రక్షణము, 1967 నాటి అనుబంధ పత్రముచే తరువాతి కాలమునకును విస్తరింపబడినది.

ఈ నిర్వచనములో రెండు సంగతులు గమనింపదగినవి. కరవుచేతనో, ఉద్యోగము కొరకో దేశము విడిచినవాని కష్టము నిజమైనదే యైనను, అంతమాత్రమున అతడు ఈ నిర్వచనములో చేరడు. ఇక రెండవది, భయము నిజమైనదైనంత మాత్రమున చాలదు. దానిని రుజువు చేయు భారము భయపడినవానిమీదనే యున్నది. రాత్రికి రాత్రి ఇల్లు విడిచినవాడు సాక్ష్యములను మూట గట్టుకొని రాడు. ఈ రెండవ సంగతినుండియే ఖర్చు పుట్టుచున్నది.

ఖర్చు ఎక్కడ పుట్టును?

దేశమునకొక పద్ధతి కలదు. ఇంగ్లండు, వేల్సులలో 2012 నాటి చట్టము న్యాయసహాయమును అనేక విషయములలో తగ్గించినను, బీదవారి ఆశ్రయ వ్యాజ్యములకు ప్రభుత్వ సహాయమును నిలిపి యుంచినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్టి యేర్పాటు లేదు. వేలకొలది తెలుగు కుటుంబములు అక్కడ స్థిరపడి యున్నవి గనుకను, సహాయము చేయు అవకాశము వారి కెదురుపడవచ్చును గనుకను, ఆ దేశపు పద్ధతిని ఈ పాఠమున ఉదాహరణముగా గ్రహించుట తగును.

అమెరికాలో నేరారోపణకు గురియైన బీదవానికి ప్రభుత్వమే న్యాయవాదిని సమకూర్పవలెనని అక్కడి సుప్రీం కోర్టు 1963లో గిడియన్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. దేశమునుండి వెడలగొట్టుట మాత్రము శిక్ష కాదని అదే న్యాయస్థానము 1893లోనే చెప్పి యుండెను. శిక్ష కానిచో నేరవిచారణ కాదు. నేరవిచారణ కానిచో ప్రభుత్వ వ్యయముతో న్యాయవాది లేడు. ఆశ్రయము కోరువాడు న్యాయవాదిని పెట్టుకొనవచ్చును గాని, ఆ ఖర్చు ప్రభుత్వముపై పడరాదని చట్టములోనే వ్రాయబడి యున్నది. అతనికి ఎదురుగా మాత్రము ప్రభుత్వ పక్షమున శిక్షణ పొందిన న్యాయవాది నిలుచును.

అమెరికాలో ఆశ్రయము కొరకు దరఖాస్తు చేయుటకు దీర్ఘకాలము రుసుము లేకుండెను. 2025 జూలైలో ఆమోదింపబడిన చట్టము మొదటిసారిగా 100 డాలర్ల రుసుమును విధించినది. దరఖాస్తు తేలక నిలిచియున్న ప్రతి సంవత్సరమునకు మరియొక 100 డాలర్లు, పని చేయుటకు మొదటి అనుమతి పత్రమునకు 550 డాలర్లు, విచారణాధికారి తీర్పుపై అప్పీలునకు 900 డాలర్లు అని అదే చట్టము నిర్ణయించినది. అంతకుముందు ఆ అప్పీలు రుసుము 110 డాలర్లు. ధరలను బట్టి ఈ మొత్తములు ఏటేట పెరుగుటకును ఆ చట్టములో వీలు కలదు.

రుసుములకంటె పెద్దది న్యాయవాది ఫీజు. అది వేల డాలర్లలో నుండును. జన్మపత్రము, ఆస్పత్రి చీటి, పోలీసు కాగితము మొదలగువానిని ఇంగ్లీషులోనికి అనువదించి, ఆ అనువాదము సరియైనదని అనువాదకుడు సంతకము చేయవలెను. దేహముపై దెబ్బల గురుతులున్నచో వానిని పరీక్షించి నివేదిక వ్రాయు వైద్యుడు కావలెను. విచారణ జరుగు పట్టణమునకు పోయి వచ్చుటకు బస్సు చార్జీలు కావలెను. ఈ చివరిది అల్పముగా తోచవచ్చును. కాని పిలిచిన దినమున హాజరు కానివానిని, అతడు లేకుండగనే, దేశమునుండి పంపివేయుమని ఉత్తరువు చేయు అధికారము విచారణాధికారికి కలదు. కావున బస్సు చార్జీయు వ్యాజ్య వ్యయములోనిదే.

ఇట్లు ఖర్చులు ముందుకు త్రోయుచుండగా గడువులు వెనుకనుండి తరుముచుండును. 1996 నాటి చట్టము ప్రకారము దేశమున ప్రవేశించిన సంవత్సరములోపల దరఖాస్తు చేయవలెను. కొన్ని మినహాయింపులున్నను అవి స్వల్పములు. దరఖాస్తు చేసిన తరువాత కనీసము 180 దినములు గడువనిదే పని చేయుటకు అనుమతి ఈయరాదు. కాయకమే కైలాసమని నమ్మువారికి ఈ నియమములోని బాధ తేలికగా తెలియును. రెండు చేతులున్నవాడు, పని యెరిగినవాడు, పని చేయుటకు సిద్ధముగా నున్నవాడు, ఖర్చు అత్యధికముగా నున్న దినములలోనే సంపాదింపరాని స్థితిలో నుండును. అట్టివాడు చేయి చాచుట సోమరితనముచేత కాదు.

న్యాయవాది యేమి చేయును?

నిజము చెప్పుటకు న్యాయవాది యెందుకని కొందరు అడుగుదురు. దీనికి ఒక ప్రసిద్ధ వ్యాజ్యమే సమాధానము.

నికరాగువా దేశమునుండి ఒక స్త్రీ 1979లో సందర్శకురాలిగా అమెరికాకు వచ్చెను. ఆమె స్వయముగా రాజకీయములలో పాల్గొన్నది కాదు. ఆమె సోదరుడు మాత్రము రాజకీయ కార్యముల మూలమున చెరలో చిత్రహింసల పాలయ్యెను. తామిద్దరును కలిసి దేశము విడిచిన సంగతి అక్కడి ప్రభుత్వమునకు తెలియుననియు, తిరిగి పోయినచో సోదరుని జాడ చెప్పుమని తన్ను నిలదీయుదురనియు ఆమె చెప్పెను. విచారణాధికారియు, ఆపై బోర్డును ఆమె కోరికను త్రోసిపుచ్చిరి. హింస జరుగకపోవుటకంటె జరుగుటకే ఎక్కువ అవకాశమున్నట్లు ఆమె రుజువు చేయలేదనుట వారి కారణము.

ఆమెకు తన భయము తెలియును. అయితే అమెరికా చట్టమునందు రెండు వేర్వేరు రక్షణములు కలవనియు, ఒకదానికి వాడిన మాటలు వేరనియు, ఆశ్రయమునకు వాడిన మాట “సకారణమైన భయము” అనియు, ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచరాదనియు ఆమెకు తెలియుట కష్టము. ఆ భేదమును పట్టుకొని వాదించినది ఆమె న్యాయవాది. ఆ వాదము మెట్టు మెట్టుగా సుప్రీం కోర్టు వరకు పోయినది. 1987 మార్చి 9వ తేదీన ఆరుగురు న్యాయమూర్తులు ఒక వైపు, ముగ్గురు ఒక వైపు కాగా తీర్పు వెలువడెను. ఆశ్రయము కోరువాడు హింస జరుగుట నిశ్చయమని గాని, అందుకే మొగ్గు ఎక్కువని గాని రుజువు చేయ నక్కరలేదు. పదింట ఒక పాలు అవకాశమున్నను ఆ భయము సకారణము కావచ్చును. కార్డోజా-ఫాన్సెకా వ్యాజ్యమని ప్రసిద్ధి కెక్కిన ఈ తీర్పు, ఆ పిమ్మట ఆశ్రయము కోరిన లెక్కలేనంతమందికి కొలతగా నిలిచినది. ఒక్క మనుష్యుని వ్యాజ్యమునకు జరిగిన సహాయము ఎంత దూరము పోగలదో ఇది చూపుచున్నది.

లెక్కలును ఈ మాటనే బలపరచుచున్నవి. 2000 నుండి 2004 వరకు అమెరికా విచారణాధికారులు ఇచ్చిన ఆశ్రయ తీర్పులను పరిశీలించి ముగ్గురు న్యాయశాస్త్ర ఆచార్యులు 2007లో ఒక అధ్యయనమును ప్రకటించిరి. న్యాయవాది లేనివారిలో నూటికి 16.3 మందికి ఆశ్రయము దొరకగా, న్యాయవాది యున్నవారిలో నూటికి 45.6 మందికి దొరకెను. బలమైన వ్యాజ్యములనే న్యాయవాదులు ఎక్కువగా స్వీకరింతురు గనుక ఈ భేదమంతయు వారి వాదన వలననే కలిగినదని చెప్పరాదు. అయినను భేదము చిన్నది కాదు. 2015లో ప్రకటింపబడిన మరియొక అధ్యయనము ప్రకారము, 2007 నుండి 2012 వరకు వలస న్యాయస్థానములలో తీర్పు పొందినవారిలో నూటికి 37 మందికి మాత్రమే న్యాయవాది యుండెను. నిర్బంధములో నున్నవారిలో నూటికి 14 మందికే యుండెను.

ధనమిచ్చు పద్ధతి

ఈయవలెనన్న మనస్సు పుట్టిన తరువాత, ఇచ్చిన ధనము చేరవలసిన చోటికి చేరునట్లు చూచుటయు ఇచ్చువాని ధర్మమే. ఈ క్రింది విషయములు జ్ఞాపకముంచుకొనదగినవి.

1. మొదట ఉచిత సహాయమును వెదకవలెను. ఫీజు లేక వాదించు న్యాయవాదులును, లాభాపేక్ష లేని సంస్థలును కలవు. ప్రభుత్వ న్యాయశాఖ గుర్తించిన సంస్థలలో, న్యాయవాదులు కాకపోయినను అనుమతి పొందిన ప్రతినిధులు వ్యాజ్యములు నడుపుదురు. న్యాయవాది ఉచితముగా వచ్చినను అనువాదము, వైద్యపరీక్ష, ప్రయాణము ఉచితము కావు. చిన్న మొత్తము ఇయ్యగలవారు ఆ భాగమును స్వీకరింపవచ్చును.

2. న్యాయవాది యోగ్యతను విచారింపవలెను. లాటిన్ అమెరికా దేశములలో “నోటారియో” అనగా న్యాయశాస్త్రము చదివిన అధికారి. అమెరికాలో నోటరీ యనగా సంతకమునకు సాక్షి మాత్రమే. ఈ మాటల పోలికను ఆసరాగా గొని మోసగాండ్రు ధనము గుంజి, తప్పు దరఖాస్తులు పంపి, వ్యాజ్యములను చెరచుట పరిపాటి. ప్రతి రాష్ట్రమునందును న్యాయవాదుల పట్టిక యున్నది. పేరు అందులో నున్నదో లేదో చూచుట అయిదు నిమిషముల పని.

3. ఒప్పందము వ్రాతలో నుండవలెను. ఆ ఫీజు దరఖాస్తునకు మాత్రమేనా, విచారణకు కూడనా, అప్పీలు వేరా అనునది స్పష్టముగా నుండవలెను. ముందుగా ఇచ్చిన ధనమును న్యాయవాది తన సొంత సొమ్ముతో కలుపక ప్రత్యేక ఖాతాలో ఉంచవలెను. మిగిలినది ఎవరికి తిరిగి ఈయవలెనో ముందే వ్రాసికొనవలెను.

4. ధనమును నేరుగా న్యాయవాదికో, రుసుమును నేరుగా కార్యాలయమునకో చెల్లించి రసీదు తీసికొనుట మేలు. ఇది శరణార్థిపై అనుమానము చేత కాదు. అప్పులవాండ్లును, సరిహద్దు దాటించిన దళారులును చుట్టుముట్టిన వాని చేతిలో రొక్కము నిలుచుట కష్టము.

5. పేరును, ముఖమును, కథను బహిరంగము చేయరాదు. చందాలు పోగుచేయు ఉత్సాహములో ఫోటో ముద్రించినచో, స్వదేశములో మిగిలిన తల్లిదండ్రులకును తోబుట్టువులకును కీడు కలుగవచ్చును. అమెరికా ప్రభుత్వమే ఆశ్రయ దరఖాస్తులోని సంగతులను గోప్యముగా ఉంచవలెనని నియమము పెట్టుకొన్నది. చందా పోగుచేయువారు అంతకంటె తక్కువ జాగ్రత్త చూపరాదు.

6. కథను దిద్దరాదు. “ఇట్లు చెప్పిన బలముగా నుండును” అని సలహా ఇచ్చువారు హితులు కారు. తెలిసి కల్పించిన దరఖాస్తు అని తేలినచో, ఆ మనుష్యుడు ఆ దేశపు వలస చట్టము క్రింద ఎట్టి మేలును ఎన్నటికిని పొందలేని స్థితి రావచ్చును.

ఇచ్చినవాని హద్దు

ఇక్కడ ఒక సూక్ష్మ విషయము కలదు. ఫీజు ఇచ్చినది ఒకరు, వ్యాజ్యము ఇంకొకరిది అయినపుడు న్యాయవాది యెవరి మాట వినవలెను? అమెరికన్ బార్ అసోసియేషన్ 1983లో ఏర్పరచిన ఆదర్శ నియమావళి దీనికి స్పష్టముగా సమాధానమిచ్చినది. మూడవవాని ధనమును స్వీకరించుటకు కక్షిదారుని సమ్మతి కావలెను. ధనమిచ్చినవాడు న్యాయవాది నిర్ణయములలో జోక్యము చేసికొనరాదు. కక్షిదారుడు చెప్పిన రహస్యములు ధనమిచ్చినవానికి కూడ తెలియరాదు. అనగా, వేలు ఖర్చు పెట్టినవాడు సైతము “వ్యాజ్యము ఎంతవరకు వచ్చినది, ఏమి చెప్పినాడు” అని అడుగు హక్కును పొందడు.

దాసోహ మందిరములలో పెరిగినవారికి ఈ నియమము అర్థమగుట సులభము. దానమునందు ఇచ్చువాడు పైనను, పుచ్చుకొనువాడు క్రిందను ఉందురు. దాసోహమునందు వడ్డించువాడే దాసుడు. పంక్తిలో కూర్చున్నవానిని “నీవెవరు, ఏల వచ్చితివి” అని ప్రశ్నించి వడ్డింపరు. వ్యాజ్య సహాయమునకును ఇదే పద్ధతి వర్తించును. శరణార్థి తన శరీరముపై జరిగిన అవమానమును విచారణాధికారి యెదుట చెప్పక తప్పదు. వైద్యుని యెదుట చెప్పక తప్పదు. ధనమిచ్చినవాని యెదుట గూడ చెప్పవలసి వచ్చినచో ఆ ధనమే మూడవ విచారణయగును. కృతజ్ఞతను ఆశించుటయు, సభలో నిలబెట్టి శాలువ కప్పుటయు, మత విషయమున ఒత్తిడి తెచ్చుటయు ఆ కోవలోనివే.

మరియొకటి. వ్యాజ్యము గెలువకపోవచ్చును. ఏండ్లు పట్టవచ్చును. 2024లో అమెరికా వలస న్యాయస్థానములలో తేలక నిలిచిన వ్యాజ్యములు 30 లక్షలకు మించి యుండెను. ఓడిన వ్యాజ్యమునకిచ్చిన ధనము వృథా యనుకొనుట పొరపాటు. ఆ మనుష్యుని మాట పూర్తిగా వినబడినదా అనునదే ఇచ్చినవాడు వేసికొనదగిన ప్రశ్న, తీర్పు న్యాయాధికారిది.

స్వదేశములో

భారతదేశము 1951 నాటి ఒడంబడికపై సంతకము చేయలేదు. ఆశ్రయమునకు ప్రత్యేక చట్టమును లేదు. టిబెట్టునుండి, శ్రీలంకనుండి వచ్చినవారికి ప్రభుత్వమే వేర్వేరు ఏర్పాట్లు చేసినది. ఇతర దేశములవారు అనేకులు ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ వద్ద నమోదు చేసికొందురు. ఆ నమోదునకు ఎట్టి రుసుమును లేదు. అందుకని ధనమడుగువాడు మోసగాడని తెలిసికొనవలెను. చట్టము లేకున్నను రాజ్యాంగము కలదు. అరుణాచల ప్రదేశములోని చక్మాలను వెడలగొట్టుటకు జరిగిన యత్నములపై జాతీయ మానవ హక్కుల సంఘము సుప్రీం కోర్టు నాశ్రయింపగా, 1996 జనవరిలో తీర్పు వచ్చెను. పౌరుడైనను కాకున్నను ప్రతి మానవుని ప్రాణమును స్వేచ్ఛను రాజ్యము కాపాడవలెనని ఆ తీర్పు సారాంశము. చక్మాలు తమ మాటను తామే అంతదూరము తీసికొనిపోగలిగి యుండిరో లేదో; వారి పక్షమున న్యాయస్థానపు మెట్లెక్కిన సంఘమొకటి యుండినది.

మననమునకు ప్రశ్నలు

1. శరణార్థికిని, బ్రతుకుతెరువు కొరకు వలస వచ్చినవానికిని చట్టము చూపు భేదమేమి? ఇద్దరి కష్టముపట్లను గృహస్థుని కర్తవ్యమేమి?

2. పని చేయ అనుమతి లేని కాలమున శరణార్థికి కలుగు ఖర్చులను వరుసగా వ్రాయుడు. వానిలో ఒక సామాన్య కుటుంబము భరింపగలిగినది ఏది?

3. ఫీజు ఇచ్చినవానికి వ్యాజ్య రహస్యములు తెలియరాదనుటలో ఔచిత్యమేమి? దాసోహ మందిరపు పద్ధతితో పోల్చి చెప్పుడు.

4. సహాయము కోరి వచ్చినవాని పేరు బయటపెట్టక చందా పోగుచేయుటకు మఠము ఏ యేర్పాట్లు చేయవచ్చును?

5. ప్రతిదినము నోట పలుకు “శరణార్థి” అను మాటను, ఆశ్రయము కోరి వాకిట నిలిచినవాని యెడల ఏ క్రియతో పలుకవచ్చును?